చందా సాఫ్ట్‌వేర్‌లో ఏది అందరికీ ఒకటిగా ఉండాలి, ఏది ఎవరికి వారు మార్చుకోవాలి

గుంటూరు మిర్చి యార్డులోని కమీషన్ దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను నెలవారీ చందాపై అందించేవారి దగ్గరకు ఖాతాదారులు నలుగురు చేరేసరికి కోరికలు నలభై చేరతాయి. వాటిలో ఏవి అందరికీ ఒకేలా ఉంచాలో, ఏవి ఎవరికి వారు మార్చుకునేలా వదలాలో తొలినాళ్లలోనే తేల్చుకోవాలి. అందరూ ఒకే కోడ్ మీద నడిచినంత కాలమే ఒక మార్పును ఒకసారి చేస్తే సరిపోతుంది. పెద్ద ఖాతాదారు మాట కాదనలేక ఆయన కోసం కోడ్‌ను విడిగా కాపీ చేసి మార్చిపెట్టినవారికి 2025 సెప్టెంబరు 22న, జీఎస్టీలో చాలా వస్తువులకు 12, 28 శాతం శ్లాబులు పోయిన రోజున, ఎన్ని కాపీలుంటే అన్నిచోట్లా రేట్లు సరిచేయవలసిన పని పడి ఉంటుంది. పైగా ఆ తేదీకి ముందటి బిల్లును మళ్లీ ప్రింటు తీస్తే పాత రేటే రావాలి. కాబట్టి ఏ రేటునూ కోడ్‌లో రాయకుండా, అమలు తేదీతో సహా పట్టికలో ఉంచడం మొదటి పని.

ఖాతాదారు ఏదైనా అడిగినప్పుడు ఆయన చెప్పినదాన్ని విని ఊరుకోకుండా, గత నెల కాగితాలు అడిగి చూడాలి. రైతుకు ఇచ్చే పట్టీనే, అంటే అమ్మకం లెక్క రాసిన చీటీనే తీసుకోండి. పైన రైతు పేరు, ఊరు, తేజానో 334నో ఆ మిర్చి రకం, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం, క్వింటా ధర ఉంటాయి. కింద మినహాయింపులు, చివర రైతు చేతికి వచ్చే మొత్తం ఉంటాయి. రెండు దుకాణాల పట్టీలు పక్కపక్కన పెడితే పైభాగంలో పెద్ద తేడా కనిపించదు, తేడా అంతా మినహాయింపుల దగ్గరే ఉంటుంది. ఒకరు హమాలీని టిక్కీకి ఇంత అని లెక్కిస్తే మరొకరు ఏకమొత్తంగా వేస్తారు. ఇక్కడ 'హమాలీ' కోసం ప్రత్యేకంగా కోడ్ రాయడం పొరపాటు. పేరు, లెక్కించే ఆధారం, రేటు, వరుస, అమలు తేదీ ఉన్న 'మినహాయింపు' అనే ఒకే అచ్చు తయారుచేసి, టిక్కీకి, క్వింటాకు, విలువపై శాతం, ఏకమొత్తం అనే నాలుగు ఆధారాలు ఇస్తే, కాటా కూలి నుంచి కమీషన్ దాకా దుకాణదారే నమోదు చేసుకుంటారు. ఈ నాలుగింటికీ లొంగని మినహాయింపు అరుదు. పైసలను ఎక్కడ సర్దుబాటు చేయాలన్నది, అంటే ప్రతి వరుసలోనా, చివరి మొత్తంలోనా అన్నది కూడా ఎంపికగా ఇవ్వవచ్చు. అయితే ఆర్థిక సంవత్సరం మధ్యలో మార్చనివ్వకూడదు.

చట్టం నిర్ణయించిన వాటిని ఎవరి చేతికీ ఇవ్వరాదు. జీఎస్టీ నంబరు 15 అక్షరాలదే. ఇన్‌వాయిస్ నంబరు 16 అక్షరాలు దాటకూడదు, ఒకే ఆర్థిక సంవత్సరంలో రెండుసార్లు రాకూడదు. ఆ హద్దులో ముందు ఏ అక్షరాలు పెట్టుకుంటారన్నది వారి ఇష్టం. ఏ లెక్కను ఎప్పుడు ఎలా మార్చారో నమోదు చేసే దిద్దుబాట్ల చిట్టాను ఆపేయమన్న ఒత్తిడి ఎక్కువగా వస్తుంది. కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ చిట్టాను ఆపివేసే వీలు ఉండకూడదన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. సొంత వ్యాపారాలకు, భాగస్వామ్య సంస్థలకు ఆ నిబంధన వర్తించదని ఎవరైనా వాదించినా, అందరికీ ఒకేలా ఉంచడమే మేలు.

వివరాలు నింపే అదనపు గడులు (ఫీల్డులు) అడిగితే ధారాళంగా ఇవ్వండి, కానీ వాటిని లెక్కల్లోకి రానివ్వకండి. కనిపించడానికి, వెతకడానికి, ప్రింటుకు మాత్రమే పనికిరావాలి. వాటి పేర్లనూ వేరుచేయాలి. 1999లో మొదలైన సేల్స్‌ఫోర్స్ అనే చందా సాఫ్ట్‌వేర్‌లో ఖాతాదారు చేర్చుకున్న ఫీల్డు అంతర్గత పేరు చివర రెండు అండర్‌స్కోర్లు, 'సి' అక్షరం చేరతాయి. అందువల్ల కంపెనీ తర్వాత అదే పేరుతో సొంత ఫీల్డు తెచ్చినా ఢీకొనదు. చిన్న బృందాలకు కూడా ఇది అనుసరించదగిన పద్ధతి.

ఎంపికలు పెంచడానికీ హద్దు ఉంది. ఆన్, ఆఫ్ ఎంపికలు పది ఉంటే 1024 కలయికలు పుడతాయి, వాటన్నిటినీ పరీక్షించడం ఇద్దరు ముగ్గురున్న బృందానికి అయ్యే పని కాదు. కొత్త దుకాణదారు సెట్టింగుల పేజీ తెరవకుండానే తొలి పట్టీ ప్రింటు తీయగలిగేలా ముందస్తు విలువలు ఉండాలి. ఒక్కరికే పనికివచ్చే నివేదికను ప్రోగ్రాంలో చేర్చకుండా, వివరాలను ఎక్సెల్‌లోకి దింపుకునే వీలు కల్పిస్తే ఆ దుకాణం గుమస్తాయే కావలసినట్టు తయారు చేసుకుంటాడు.

పెద్ద మార్పులను యార్డుకు సరుకు ముంచెత్తే ఫిబ్రవరి, మార్చి నెలల్లో విడుదల చేయకండి. మే నెలలో యార్డుకు వేసవి సెలవులు వచ్చినప్పుడు, ఆ సీజనులో ఎవరూ ముట్టని ఎంపికలు ఏవో డేటాబేస్‌లో చూసి, ఖాతాదారులకు ముందే తెలియజేసి తొలగించండి.