ఆయిల్ లీకు పట్టించే టాల్కమ్ పౌడర్

కారు తీసిన చోట నేల మీద నల్లటి చుక్కలు, ఇంజిన్ కిందంతా జిడ్డు, ఎక్కడి నుంచి కారుతోందో మాత్రం తెలీదు. ఆయిల్ కిందికి జారి, నడిచేటప్పుడు గాలికి వెనక్కి పాకుతుంది. అందుకే చుక్క పడే చోటే లీకు అనుకుని అనవసరంగా సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ప్యాకింగ్ మార్పించేస్తుంటారు.

ముందు డిప్‌స్టిక్ తీసి ఆయిల్ సరిపడా ఉందో లేదో చూసుకోండి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి, 10 నిమిషాలు ఆగి, పాత బ్రష్‌తో రుద్ది తుడవండి. బాగా ఆరాక వాల్వ్ కవర్ (ఇంజిన్ పైమూత) అంచులకు, ఆయిల్ ఫిల్టర్ చుట్టూ, పాత ఆయిల్ వదిలే డ్రెయిన్ బోల్ట్ దగ్గర టాల్కమ్ పౌడర్ పలచగా చల్లండి. బెల్టు, ఆల్టర్నేటర్, ఎయిర్ ఫిల్టర్ వైపు పడనివ్వొద్దు. 15-20 నిమిషాలు నడిపి, ఇంజిన్ ఆపి టార్చి వేసి చూడండి. పౌడర్ తడిసి నల్లబడిన చోట్లలో అన్నిటికన్నా పైనున్నదే అసలు లీకు.

డ్రెయిన్ బోల్ట్ దగ్గరైతే చాలాసార్లు కొత్త వాషర్‌తో సరిపోతుంది. (ఆయిల్ మార్చిన ప్రతిసారీ దాన్ని మార్చడమే మంచిది.) వాల్వ్ కవర్ అయితే బోల్టులు గట్టిగా బిగించి ఆపాలని చూడకండి, ప్లాస్టిక్ కవరైతే పగలొచ్చు. గ్యాస్కెట్ (కవర్ కింది ప్యాకింగ్) మార్చండి, అప్పుడే ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి లాగే పీసీవీ వాల్వ్ కూడా చూడండి. అది మూసుకుపోతే లోపలి ప్రెషర్‌కి కొత్త గ్యాస్కెట్ కూడా కారుతుంది.

ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య నుంచి కారుతుంటే ఈ పద్ధతి పనిచేయదు. అక్కడి క్రాంక్ సీల్ (ఇంజిన్ ప్రధాన షాఫ్ట్ చుట్టూ ఆయిల్ ఆపే రింగు) బయటికి కనపడదు, గేర్‌బాక్స్ దించాల్సిందే.