బండే ఇల్లు – 4వ పాఠం: ఆరు లీటర్ల స్నానం

పోయిన పాఠంలో 20 లీటర్ల క్యాన్‌ను బండిలో కదలకుండా ఎలా కట్టాలో నేర్చుకున్నాం. ఇక ఆ నీళ్లతో స్నానం. వ్యాన్‌లో ఉంటామనగానే ఎవరైనా ముందు అడిగేది "మరి స్నానం ఎక్కడ?" అనే. ఎక్కడ అన్నది తర్వాత చూద్దాం. ఎన్ని నీళ్లతో అన్నది ముందు తేల్చుకోండి. 6 లీటర్లతో ఒళ్లు శుభ్రం చేసుకోవడం వస్తే హైదరాబాద్‌లో చోటుకి కొదవ లేదు.

ముందు నీళ్లు కలపడం. చలికాలం పొద్దున క్యాన్‌లో నీళ్లు 20 డిగ్రీలున్నాయనుకోండి. నాలుగున్నర లీటర్ల చన్నీళ్లకు లీటరున్నర మరిగిన నీళ్లు కలిపితే 40 డిగ్రీలకు వస్తాయి, ఒంటికి హాయిగా ఉంటాయి. మూడు పాళ్లకు ఒక పాలు, అంతే లెక్క. బకెట్‌లో చన్నీళ్లే ముందు పోయండి, మరిగినవి ఆ తర్వాత. స్టవ్ వెలిగించేటప్పుడు బండి తలుపులు బార్లా తీసి ఉండాలి. మూసిన బండిలో మంట పెడితే కార్బన్ మోనాక్సైడ్ చేరుతుంది, దానికి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. హీటర్ రాడ్ ఆలోచన మానుకోండి. 1500 వాట్ల రాడ్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి 125 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఎండాకాలంలో ఈ తంటా ఏదీ లేదు, మధ్యాహ్నానికి క్యాన్‌లో నీళ్లే వేడెక్కి ఉంటాయి.

ఇప్పుడు అసలు పని. వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో నిలబడండి. రెండు లీటర్ల సీసా మూతకు కాల్చిన సూదితో ఏడెనిమిది చిల్లులు పెట్టి ఉంచుకోండి. ఆ సీసా నొక్కుతూ మెడ వెనక నుంచి మొదలుపెట్టి ఒళ్లంతా తడపండి. దీనికి లీటరు చాలు. నీళ్లు ఆపి, తడి పీచు మీద సబ్బు రాసి మెడ, చంకలు, గజ్జలు, పాదాలు నిదానంగా రుద్దండి. మిగతా 5 లీటర్లూ కడుక్కోవడానికే. పైనుంచి కిందికి, ఒక చేత్తో నీళ్లు పోస్తూ రెండో చేత్తో తుడుస్తూ రండి. చెయ్యి వెంట జారుడు పోయిందంటే సబ్బు పోయినట్టే.

బోరు నీళ్లయితే సబ్బు సరిగా నురగ రాదు, ఒంటి మీద తెల్లటి మడ్డి మిగులుతుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల అలా అవుతుంది. వీలైతే స్నానానికి నల్లా నీళ్లే పట్టుకోండి.

పొడవు జుట్టున్నవాళ్లకు తలస్నానం రోజున 6 లీటర్లు చాలవు. ఆ రోజు జిమ్‌లోనో, డబ్బు కట్టి వాడుకునే సులభ్ కాంప్లెక్స్‌లోనో కానివ్వండి. లోపల గొళ్లెం సరిగా పడుతుందా, మీద పోసుకునే బకెట్ శుభ్రంగా ఉందా చూసుకున్నాకే డబ్బు కట్టండి. సొంత మగ్గు, చెప్పులు తీసుకెళ్లండి. హైవే దాబాల దగ్గర లారీ డ్రైవర్లు స్నానం చేసే తొట్లుంటాయి, కానీ అవి ఆరుబయట ఉంటాయి, ఆడవాళ్లకు పనికిరావు. ఈ ఊళ్లో ఒంటరిగా బండిలో ఉండే అమ్మాయికి ఇప్పటికీ నెల జిమ్ ఫీజే అన్నిటికన్నా భద్రమైన దారి అని నా గట్టి అభిప్రాయం.

ఒక్క చోట మాత్రం వద్దు. గండిపేట, హిమాయత్‌సాగర్ గట్ల మీద బండి ఆపుకుని సబ్బు పెట్టుకోకండి. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ చెరువులు తాగునీటి కోసం కూడా. టబ్బులో మిగిలిన సబ్బు నీళ్లు కూడా వాన కాలువలో పారబోయకండి. ఏదైనా బాత్‌రూం తూములోనే పోయండి.

సాధన: ఈ వారం ఇంటి బాత్‌రూంలోనే షవర్ కట్టేసి, 6 లీటర్లు కొలిచి బకెట్‌లో పోసుకుని స్నానం చేయండి. ఎక్కడ నీళ్లు అయిపోయాయో రాసుకోండి. చాలామందికి నడుము దాటేసరికే ఖాళీ అవుతాయి. మర్నాడు తడపడానికి వాడే నీళ్లలో సగం తగ్గించి చూడండి.

5వ పాఠం: వానాకాలంలో బండి లోపల తువ్వాళ్లు ముక్కకుండా ఆరబెట్టడం.