హోమ్‌పేజీ మార్చే ముందు ఇవి చూసుకోండి

సోషల్ మీడియా సైటు హోమ్‌పేజీ జనం రోజుకి పదిసార్లు తొక్కే గడప లాంటిది. అందుకే డిజైన్ మొదలుపెట్టకముందే ఇవి చూసుకోండి.

- పాతదానికి వెనక్కి వెళ్లే దారి ఉంచుకోండి, అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 2010 ఆగస్టులో, జనం లింకులు పెట్టి ఓట్లేసుకునే డిగ్ సైటు నాలుగో వెర్షన్ తెచ్చి, నచ్చని పోస్టుల్ని కిందికి తోసే బరీ బటన్‌తో సహా జనానికి అలవాటైనవి చాలా తీసేసింది; ఒళ్లు మండిన యూజర్లు డిగ్ మొదటి పేజీని పోటీ సైటు రెడిట్ లింకులతోనే నింపేశారు, చాలామంది అటే వెళ్లిపోయారు కూడా. 2018లో రూపం మార్చిన రెడిట్ మాత్రం పాత డిజైన్‌ని విడిగా అలాగే ఉంచింది.

- ఏ బటన్ ఎవరు వాడుతున్నారో లెక్క తీయండి. వాడేది కొద్దిమందే అయినా, వాళ్లే రోజూ పోస్టులు పెట్టేవాళ్లైతే దాని జోలికి వెళ్లొద్దు.

- వెతికితేగానీ కనబడని విషయం ఇప్పుడు అందరి కళ్లముందుకీ వస్తోందా? 2006 సెప్టెంబరులో స్నేహితులు చేసే మార్పులన్నీ హోమ్‌పేజీలోనే చూపించే న్యూస్ ఫీడ్‌ని ఫేస్‌బుక్ పెట్టినప్పుడు గొడవంతా దీనికే, రోజుల్లోనే ప్రైవసీ సెట్టింగులు ఇవ్వాల్సొచ్చింది.

- దయచేసి తెలుగులో పెట్టి చూడండి. ఇంగ్లిష్‌కి సరిపోయిన లైన్ ఎత్తులో ‘రాష్ట్రం’ అని రాస్తే కింద ఒత్తులు తెగిపోవచ్చు, చిన్న బటన్‌లో ‘షేర్ చేయండి’ సగమే కనిపించొచ్చు. మామూలు ఫోన్‌లో, సిగ్నల్ సరిగా లేనిచోట కూడా తెరిచి చూడండి, ఆఫీసు వైఫైలో అన్నీ బాగానే ఉంటాయి.

- ముందు నూటికి ఒకరిద్దరికే వదలండి, కనీసం రెండు వారాలు.

- శుక్రవారం సాయంత్రం విడుదల అస్సలు వద్దు.