మల్టిపుల్ స్క్లిరోసిస్ ఉన్నవారు యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేసుకునే విధానం

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మెదడు, వెన్నుపాములను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లిరోసిస్ కూడా ఉంది. అయినా హైదరాబాద్‌లో ఈ జబ్బున్నవారు కొందరు వైకల్య శాతాన్ని తేల్చే మెడికల్ బోర్డు దాకా వెళ్లి, ‘‘బాగానే నడుస్తున్నారు కదా’’ అనిపించుకుని తిరిగొస్తున్నారు. కాళ్లూ చేతులూ ఆడుతూ ఆలోచన మాత్రం మందగించినవారికే ఈ ఇబ్బంది ఎక్కువ.

యూడీఐడీ, అంటే దివ్యాంగుల విశిష్ట గుర్తింపు కార్డుకు దరఖాస్తును ప్రభుత్వ స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో సొంతంగా చేసుకోవచ్చు. ఆధార్, ఫొటో, చిరునామా రుజువు, వైద్య పత్రాలు కావాలి. వైకల్యం రకం దగ్గర మాత్రం ఆగి చూసుకోవాలి. జాబితాలో మల్టిపుల్ స్క్లిరోసిస్ విడిగానే ఉండగా, ఫారం నింపేవారు అలవాటు కొద్దీ శారీరక వైకల్యం అని నొక్కేస్తుంటారు.

అసలు చిక్కు వైద్య పత్రాల్లో ఉంది. చాలామంది ఎంఆర్ఐ ఫిల్ముల కవరు ఒక్కటే పట్టుకెళ్తారు. ఈ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ నరాల తంతువుల మీది మైలిన్ పొరను దెబ్బతీస్తుంది. మెదడులోని తెల్ల పదార్థంలో ఉండేవి ప్రధానంగా ఆ తంతువులే కనుక, ఒక భాగం నుంచి మరో భాగానికి సంకేతాలు ఆలస్యంగా చేరి, జవాబు తెలిసి కూడా చెప్పడానికి సమయం పడుతుంది. ఎంఆర్ఐలో మచ్చలు కనిపిస్తాయి గానీ, వాటిని లెక్కబెట్టి ఆలోచన ఎంత మందగించిందో చెప్పలేరు. స్కానులో మామూలుగా కనిపించే చోట కూడా నష్టం ఉండవచ్చు. అందుకే ఆలోచన వేగాన్ని కొలిచిన నివేదిక విడిగా కావాలి.

న్యూరాలజిస్టు సిఫారసుతో క్లినికల్ సైకాలజిస్టు చేసే పరీక్షల్లో సింబల్ డిజిట్ మోడాలిటీస్ టెస్ట్ ముఖ్యమైనది. కాగితం పైభాగాన 9 గుర్తులు, ఒక్కోదానికి ఒక్కో అంకె ఉంటాయి; దిగువ వరుసల్లోని గుర్తులకు 90 సెకన్లలో ఎన్ని సరైన అంకెలు చెప్పగలరన్నదే లెక్క. చేయి వణికేవారు నోటితో చెప్పే పద్ధతి అడగాలి, చూపు మసకగా ఉంటే ముందే చెప్పాలి. జబ్బు తిరగబెట్టినప్పుడు చేయించుకున్న పరీక్ష శాశ్వత స్థితిని చూపదు. ఒంట్లో వేడి పెరిగితే లక్షణాలు ముదురుతాయి కాబట్టి, ఎండన పడి వెళ్లకుండా ఉదయం పూట సమయం తీసుకోవడం మేలు.

నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఎక్కడ చూపించుకుంటున్నా, ఓపీ చీటీతో సరిపెట్టకుండా న్యూరాలజిస్టు సంతకం, ముద్ర ఉన్న ఉత్తరం తీసుకోవాలి. అందులో జబ్బు పేరుతో పాటు, ‘‘ఇద్దరు ఒకేసారి మాట్లాడితే అందుకోలేకపోతున్నారు’’ వంటి రోజువారీ ఇబ్బందులను రాయించుకోవాలి. కుంగుబాటు, నిద్రలేమి వల్ల కూడా మందగింపు వస్తుంది గనుక, వాటినీ పరిశీలించామన్న వాక్యం ఉంటే బోర్డుకు ఆ సందేహం మిగలదు.

ఈ నివేదిక ఉన్నంత మాత్రాన, ప్రయోజనాలకు సాధారణంగా కావలసిన 40 శాతం వైకల్యం వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆస్పత్రి గేటు దగ్గర శాతానికి ఇంత అని బేరమాడే దళారులు అసలే ఇవ్వలేరు. దొంగపత్రంతో ప్రయోజనం పొందితే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ కేసులో ముందు చిక్కేది కార్డు మీద పేరున్నవారే. బోర్డు కాదంటే కంగారు పడనక్కర్లేదు. కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలని నిబంధన ఉంది, ఆ కాగితం అడిగి తీసుకుని 90 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు.