ట్రాన్స్‌ఫర్ పుకార్లు చదవడం ఎలా – 4వ పాఠం: మూడు ‘సరే’లు

పోయిన పాఠం చివర చిన్న పని ఒకటి ఇచ్చాను. మీకు నచ్చిన ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డర్ (మైదానం మధ్యలో ఆడేవాడు) ఎవరైనా సరే, అతని కాంట్రాక్ట్ ఏ ఏడాది ముగుస్తుందో కనుక్కుని నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. రాసుకోనివాళ్లు ఇప్పుడే రాసుకోండి. ఆ అంకె లేకపోతే ఈ పాఠం సగం అర్థం కాదు.

“వెళ్లిపోతున్నాడట” అని వినగానే మనం ఏం చేస్తాం? కొత్త క్లబ్‌లో ఏ నంబర్ జెర్సీ ఇస్తారు, ఎవరి పక్కన ఆడిస్తారు, అక్కడున్న పాత మిడ్‌ఫీల్డర్ బెంచీకి పోతాడా అని వాదించుకుంటాం. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! మిడ్‌ఫీల్డర్ల విషయంలో ఈ గోల మరీ ఎక్కువ. స్ట్రైకర్ విలువ గోల్స్ లెక్కలో కొంత తెలిసిపోతుంది. మిడ్‌ఫీల్డర్ విలువ చూసేవాడి కంటిని బట్టి ఉంటుంది. పైగా ఏ పెద్ద జట్టును చూసినా “మధ్యలో ఇంకొకడు ఉంటే బాగుండు” అనిపిస్తూనే ఉంటుంది. అందుకే మంచి మిడ్‌ఫీల్డర్ పేరు ఒకే వారంలో నాలుగు క్లబ్‌లతో ముడిపడినా ఎవరికీ వింతగా అనిపించదు.

ఇవాళ్టి పాఠం ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఏ ట్రాన్స్‌ఫర్ (ఆటగాడు ఒక క్లబ్ నుంచి ఇంకో క్లబ్‌కు మారడం) జరగాలన్నా ముగ్గురు ఒకే సమయంలో ‘సరే’ అనాలి: అమ్మే క్లబ్, కొనే క్లబ్, ఆటగాడు. మనకు వచ్చే వార్తల్లో ఎక్కువ భాగం కొనే క్లబ్ గురించే. నన్నడిగితే ఆ మూడింటిలో అన్నిటికన్నా తేలికగా దొరికేది ఆ ‘సరే’నే. మంచి ఆటగాడు కావాలని ఏ క్లబ్‌కు ఉండదు? మిగతా రెండూ ఎక్కడున్నాయో వెతకడమే మనం నేర్చుకోవాల్సింది.

దీనికి మోయిసెస్ కైసెడో కథను మించిన పాఠ్యపుస్తకం నాకు దొరకలేదు. 2023లో ఏడు నెలల తేడాలో అతని విషయంలో రెండు వేర్వేరు ‘సరే’లు తప్పిపోయాయి. కాస్త నిదానంగా చూద్దాం.

మొదటిది జనవరి. ఈక్వెడార్‌కు చెందిన ఈ కుర్రాడు అప్పుడు ఇంగ్లండ్ క్లబ్ బ్రైటన్‌లో ఆడుతున్నాడు. అక్కడిదే మరో క్లబ్ ఆర్సెనల్ అతను కావాలంది. ఆటగాడూ వెళ్తానన్నాడు. అనడమంటే మామూలుగా కాదు, తనను పంపమని, తన కుటుంబం గురించి చెప్పుకుంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో ఏకంగా ఉత్తరమే పెట్టాడు. కొనేవాళ్ల సరే ఉంది, ఆటగాడి సరే అందరికీ కనపడుతోంది. ఇక అయిపోయినట్టే అనుకున్నారు ఆర్సెనల్ ఫ్యాన్స్. బ్రైటన్ మాత్రం 6 కోట్ల పౌండ్ల బిడ్‌ను, అంటే ఇస్తామన్న ధరను, కాదంది, దాన్ని పెంచి తెచ్చినా కాదంది. విండో (ఆటగాళ్లను కొనడానికి, అమ్మడానికి అనుమతి ఉండే గడువు) మూసేదాకా ట్రైనింగ్‌కు కూడా రావద్దని సెలవిచ్చేసింది. ఆర్సెనల్ చివరి రోజున చెల్సీ నుంచి మిడ్‌ఫీల్డర్ జోర్జీన్యోను తెచ్చుకుంది. అంత ఉత్తరం రాసిన కైసెడో మార్చిలో బ్రైటన్‌తోనే కొత్త కాంట్రాక్ట్‌పై సంతకం పెట్టాడు, 2027 వరకు.

చాలామంది ఇక్కడ తప్పు పాఠం నేర్చుకున్నారు. కొత్త సంతకం పెట్టాడు కాబట్టి ఇక ఎక్కడికీ పోడు అనుకున్నారు. అసలు కొత్త కాంట్రాక్ట్ వల్ల అమ్మేవాళ్ల చేయి పైనైంది. గడువు ఎంత ఎక్కువ మిగిలి ఉంటే ధర అంత గట్టిగా అడగొచ్చు.

ఇక ఆగస్టు. ఈసారి వచ్చింది లివర్‌పూల్. 11.1 కోట్ల పౌండ్లకు బ్రైటన్ ఒప్పుకుంది. క్లబ్‌తో ఒప్పందం కుదిరిందని లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లాప్ విలేకరుల సమావేశంలోనే చెప్పాడు. ఇది పుకారు కాదు, సాక్షాత్తూ కోచ్ నోటి మాట. అమ్మేవాళ్లు సరే, కొనేవాళ్లు సరే. కైసెడో మాత్రం ‘నేను చెల్సీకే వెళ్తాను’ అన్నాడు. కాకతాళీయం ఏమిటంటే, ఆ ఆదివారమే, ఆగస్టు 13న, సీజన్ తొలి మ్యాచ్‌లో చెల్సీ, లివర్‌పూల్ తలపడి 1–1తో డ్రా చేసుకున్నాయి. మర్నాడు చెల్సీ అతన్ని ప్రకటించింది: 10 కోట్ల పౌండ్లు, షరతుల మీద మరో కోటిన్నర. లివర్‌పూల్ చివరికి జర్మనీలోని స్టుట్‌గార్ట్ నుంచి వతారు ఎండోను తెచ్చుకుంది. ఆ వారం అతని పేరు ఊహించినవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ పాఠం చెప్పాల్సింది వాళ్లే.

నోట్‌బుక్‌లో ఇప్పుడు ఒక్కో ‘సరే’కు ఒకటి చొప్పున మూడు గడులు గీయండి. జనవరి వరుసలో అమ్మేవాళ్ల గడి ఖాళీ, ఆగస్టు వరుసలో ఆటగాడి గడి ఖాళీ. మీరు చదివే ప్రతి పుకారును ఈ గడుల్లో పెట్టి చూడండి. ఏ గడి నిండింది, ఎవరి మాట మీద నిండింది అని అడగండి.

అమ్మేవాళ్ల గడి నింపడానికే కాంట్రాక్ట్ గడువు కావాలి. కాంట్రాక్ట్ పూర్తయిన ఆటగాడు పైసా ఫీజు లేకుండా యూరప్‌లో మరో క్లబ్‌కు వెళ్లిపోవచ్చన్నది 1995 డిసెంబర్‌లో వచ్చిన బోస్మన్ తీర్పు. ఫిఫా నిబంధనల ప్రకారం ఆఖరి ఆరు నెలల్లో కొత్త క్లబ్‌తో ముందే మాట్లాడుకోవచ్చు. అందుకే రెండేళ్లు మిగిలినప్పుడు క్లబ్‌కు టెన్షన్ మొదలవుతుంది, ఏడాది మిగిలితే బేరంలో చేయి కిందపడుతుంది. పుస్తకాల లెక్క కూడా ఇదే చెబుతుంది. 8 కోట్లు పెట్టి ఐదేళ్ల కాంట్రాక్ట్‌పై ఒకరిని కొన్నారనుకోండి. లెక్కల్లో ఏడాదికి కోటి 60 లక్షల చొప్పున ఖర్చు రాస్తారు. మూడేళ్లయ్యాక పుస్తకాల్లో మిగిలేది 3 కోట్ల 20 లక్షలే. అప్పుడు 4 కోట్లకు అమ్మినా 80 లక్షలు లాభం కిందే పడుతుంది. ఫ్యాన్స్ కళ్లకు సగానికి సగం నష్టం, అకౌంటెంట్ కళ్లకు లాభం. “ఇంత తక్కువకు ఎలా అమ్మారు?” అని తిట్టే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోండి.

2014లో టోనీ క్రూస్‌ను బేయర్న్ మ్యూనిక్ రియల్ మాడ్రిడ్‌కు తక్కువ ధరకు ఇవ్వడానికి ఇదే పెద్ద కారణం. అప్పుడే ప్రపంచ కప్ గెలిచి వచ్చాడు, కానీ కాంట్రాక్ట్‌లో మిగిలింది ఒక్క ఏడాదే. ఆ తర్వాత మాడ్రిడ్‌లో అతను పదేళ్లు ఆడాడు.

అమ్మేవాళ్ల ‘సరే’ అక్కర్లేకుండా చేసే సాధనం ఒకటుంది: రిలీజ్ క్లాజ్. కాంట్రాక్ట్‌లో రాసిన మొత్తం కడితే క్లబ్ ఆపలేదు. స్పెయిన్‌లో దాదాపు ప్రతి ఆటగాడికీ ఇది ఉంటుంది. పోర్చుగల్‌లోనూ మామూలే. ఎంజో ఫెర్నాండెజ్ అనే మిడ్‌ఫీల్డర్ అక్కడి బెన్ఫికా క్లబ్‌కు వచ్చి ఏడు నెలలు కూడా నిండలేదు, గడువు ఏళ్ల తరబడి ఉంది. అయినా 2023 జనవరి 31న, విండో చివరి రోజున, చెల్సీ 12.1 కోట్ల యూరోలకు తీసుకెళ్లిపోయింది. పొడవాటి కాంట్రాక్ట్ చూసి నిశ్చింతగా ఉన్న ఫ్యాన్స్ ఆ క్లాజ్ అంకె చూడటం మర్చిపోయారు.

అలాగని క్లాజ్ కట్టగలిగితే పని అయిపోయిందనీ అనుకోవద్దు. 2024 వేసవిలో మార్టిన్ సుబిమెండి కోసం లివర్‌పూల్ సిద్ధమైంది. క్లాజ్ ఉంది, డబ్బుంది. అతను మాత్రం తన స్పెయిన్ క్లబ్ రియల్ సొసియెదాద్‌లోనే ఉంటానన్నాడు. మరుసటి వేసవిలో ఆర్సెనల్‌కు వెళ్లాడు. అదే మనిషి, అమ్మే క్లబ్ అదే. కొనే క్లబ్ వేరైనా, గడుల్లో మారింది మూడోది ఒక్కటే. అది రాత్రికి రాత్రి కూడా మారొచ్చు. 2005 జూలైలో స్టీవెన్ జెరార్డ్ లివర్‌పూల్ వదిలి వెళ్తానని చెప్పి, మర్నాటికల్లా మనసు మార్చుకుని ఉండిపోయాడు. అప్పటికే కోపంతో అతని జెర్సీ తగలబెట్టినవాళ్లున్నారు. కొత్తది కొనుక్కుని ఉంటారు.

ఈ మూడో గడి దగ్గర నేనూ బోల్తా పడ్డాను, చెప్పుకోవాలి. 2022 వేసవిలో ఫ్రెంకీ డి యోంగ్ మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్తాడని నోట్‌బుక్‌లో పెన్నుతో ‘ఖాయం’ అని రాశాను. అయాక్స్ క్లబ్‌లో అతన్ని ఆడించిన ఎరిక్ టెన్ హాగ్ యునైటెడ్‌లో కోచ్‌గా చేరాడు, అతని క్లబ్ బార్సిలోనాకు డబ్బు కటకట, ఫీజుపై క్లబ్‌ల మధ్య మాట కుదిరిందని వార్తలు. ఇంకేం కావాలి? బార్సిలోనాలోనే ఉండాలనుందని అతను ముందే చెప్పాడు. అది నేను చదివాను కూడా. చదివి, “అందరూ అలాగే అంటారులే” అని పక్కన పెట్టాను. వేసవి గడిచింది, యునైటెడ్ కాసెమీరోను కొనుక్కుంది, డి యోంగ్ కదల్లేదు. అప్పటి నుంచి పెన్సిల్‌తోనే రాస్తున్నాను.

ఇప్పుడు ఒక వార్తను దగ్గరగా చదివి చూద్దాం. ఇది నేను కల్పించిందే, కానీ ఇలాంటివి మీరు వారానికి పది చూస్తారు: “రెండు పెద్ద క్లబ్‌లు ఆ మిడ్‌ఫీల్డర్‌ను గమనిస్తున్నాయి. కాంట్రాక్ట్‌లో ఏడాదిన్నర మిగిలి ఉండగా, కొత్త ఒప్పందంపై చర్చలు నిలిచిపోయాయని ఆటగాడి సన్నిహితులు చెబుతున్నారు.”

మొదటి వాక్యాన్ని కొట్టేయండి. గమనించడానికి పైసా ఖర్చు కాదు. క్లబ్‌ల స్కౌట్లు (ఆటగాళ్లను వెతికిపెట్టేవాళ్లు) వందల మందిని గమనిస్తూనే ఉంటారు. కొనేవాళ్ల గడి కూడా దీనితో నిండదు. రెండో వాక్యంలో అసలు సరుకంతా ‘సన్నిహితులు’ అన్న మాటలో ఉంది. ఆటగాడి సన్నిహితుల్లో పత్రికల వాళ్లతో రోజూ మాట్లాడేది చాలాసార్లు ఏజెంటే. అతనికి ఇప్పుడు ఏం కావాలి? ఇక్కడే జీతం పెంచాలి, లేదా ఇంకో చోట ఎక్కువ జీతం దొరకాలి. ఏది జరిగినా అతనికి మంచిదే. ‘నిలిచిపోయాయి’ అంటే పూర్తిగా తెగిపోయాయని కాదు, అంకె దగ్గర పీటముడి పడిందని. ఏడాదిన్నర గడువు అంటే వచ్చే వేసవికి ఒక్క ఏడాదే మిగులుతుంది. అంటే ఈలోపు క్లబ్ జీతమైనా పెంచాలి, ఆటగాణ్నైనా అమ్మాలి. నా తీర్పు: ఇది ట్రాన్స్‌ఫర్ వార్త కాదు, జీతం బేరం. పెన్సిల్‌తో ‘మూడింట ఒక వంతు అవకాశం’ అని రాసి పక్కన పెడతాను.

అదే వార్తలో “బిడ్ తిరస్కరించారు” అని ఉంటే నేను నిటారుగా కూర్చుంటాను. కాదనడం కన్నా అంకె చెప్పడం ముఖ్యం. కాదన్నది ఆ ధరకు. “ఆటగాడితో మాట కుదిరింది” అంటే మూడో గడి సగం నిండిందని, మిగతా రెండింటి సంగతి ఇంకా తెలియదని. “మెడికల్‌కు (ఆరోగ్య పరీక్షకు) టైమ్ ఇచ్చారు” అంటే మూడూ దాదాపు నిండినట్టే. ట్రాన్స్‌ఫర్ వార్తలు రాసే విలేకరి ఫాబ్రిజియో రోమానో ‘హియర్ వి గో’ అన్నాడంటే మామూలుగా ఈ దశకు దగ్గర్లోకి వచ్చినట్టు. అంతకు ముందు అతను పెట్టే పోస్టులు మాత్రం వేరే సరుకు, ఆ రెండింటినీ కలిపేసి చదవకండి.

అంకెల గురించి ఒక చిన్న చిట్కా. ఫీజు ఎంత అని ఒక్కో పత్రిక ఒక్కోటి రాస్తుంది. అమ్మే క్లబ్ స్టాక్ మార్కెట్‌లో ఉంటే మాత్రం మన పని సులువు. అలాంటి క్లబ్ పెద్ద ఒప్పందం గురించి వాటాదారులకు చెప్పాల్సిందే. 2023 జూన్‌లో జూడ్ బెల్లింగ్‌హామ్ రియల్ మాడ్రిడ్‌కు వెళ్లినప్పుడు అతన్ని అమ్మిన డార్ట్‌మండ్ స్వయంగా ప్రకటించింది: స్థిరంగా 10.3 కోట్ల యూరోలు, షరతులు నెరవేరితే దానిపై దాదాపు 30 శాతం దాకా అదనం. పత్రికల అంకె కొట్టేసి ఇది రాసుకోవచ్చు.

మూడు గడులూ నిండాక కూడా గడియారం ఒకటుంది. 2017 ఆగస్టులో ఆడ్రియన్ సిల్వాను పోర్చుగల్ నుంచి తెచ్చుకున్న లెస్టర్ సిటీ కాగితాలు విండో మూసే గడువు కన్నా 14 సెకన్లు ఆలస్యంగా చేరాయి. అతను మ్యాచ్ ఆడటానికి జనవరి దాకా ఆగాల్సి వచ్చింది.

వచ్చే పాఠానికి పని: మీ నోట్‌బుక్‌లో ఉన్న మిడ్‌ఫీల్డర్ గురించి ఈ వారం కనిపించిన మూడు వార్తలు రాసుకోండి. ఒక్కోదాని కింద మూడు గడులు గీసి, నిండినదాని పక్కన ఆ మాట ఎవరు చెప్పారో రాయండి. చెప్పినవాళ్లకు దానివల్ల ఏం లాభమో కూడా ఒక్క మాటలో రాయండి. గడులన్నీ ఖాళీగా మిగిలితే ఖాళీగానే ఉంచండి. 5వ పాఠంలో వాటితోనే మొదలుపెడదాం, షరతుల మీద ఇచ్చే అదనపు డబ్బు సంగతి కూడా అప్పుడే చూద్దాం.