మ్యూయాన్‌ల లెక్క ఎక్కువగా వస్తుంటే ముందు కేబుల్ చివర చూడండి

తిరుపతిలో మ్యూయాన్ (కాస్మిక్ కిరణాల వల్ల పై వాతావరణంలో పుట్టి కిందికి వచ్చే కణం) డిటెక్టర్లకు ఎలక్ట్రానిక్స్ తయారు చేస్తున్న విద్యార్థులకు పనికివచ్చే విషయం ఒకటి చెబుతాను. నేలకు సమాంతరంగా పరిచిన పలకలో ఒక్కో చదరపు సెంటీమీటరు గుండా నిమిషానికి సుమారు 1 మ్యూయాన్ పోతుంది కనుక, 10 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న సింటిలేటర్ (కణం దూసుకుపోతే మెరిసే పదార్థం) పలకలో నిమిషానికి దాదాపు 100 నమోదు కావాలి. నిరుడు మా బల్ల మీద అంతకు రెట్టింపు కనబడేసరికి, నేల నుంచి వచ్చే గామా కిరణాలే కారణమని రెండు రోజులు వాటి వెంటే పడ్డాము.

అసలు తప్పు కేబుల్ చివర ఉంది. 50 ఓముల కోయాక్సియల్ కేబుల్‌ను 1 మెగాఓము ఇన్‌పుట్‌కు నేరుగా తగిలిస్తే, పల్స్ అక్కడినుంచి వెనక్కి మళ్ళి, ఫొటోమల్టిప్లయర్ (ఆ మెరుపును విద్యుత్ పల్స్‌గా మార్చే గొట్టం) దాకా వెళ్ళి తిరిగి వస్తుంది; అలా ఒకే మ్యూయాన్ రెండుసార్లు లెక్కకు వస్తుంది. సాధారణ కేబుల్‌లో సిగ్నల్ మీటరుకు సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది కనుక, 2 మీటర్ల కేబుల్‌లో ఈ దొంగ పల్స్ అసలు దాని వెనుక సుమారు 20 నానోసెకన్లకు ఆసిల్లోస్కోపు తెర మీద కనబడుతుంది. కేబుల్ మార్చి 4 మీటర్లది పెట్టినప్పుడు ఆ ఎడం 40 అయితే ఇక అనుమానం అక్కరలేదు.

గొలుసులో చివరి పరికరం దగ్గర, మధ్యలో ఎక్కడా కాకుండా, 50 ఓముల టెర్మినేటర్ (పల్స్ వెనక్కి మళ్ళకుండా మింగేసే నిరోధం) పెట్టండి. పల్స్ ఎత్తు తగ్గుతుంది. కంగారుపడకుండా డిస్క్రిమినేటర్ (ఒక హద్దు దాటిన పల్స్‌లనే లెక్కకు పంపే పరికరం) హద్దును కూడా ఆ మేరకు దించండి.