జింక వేట చెడిందా? ఎక్కడ చెడిందో ఇలా పట్టుకోండి

వేట చెడిన రోజు సాయంత్రం చాలామంది అనే మాట ఒకటే: ‘ఇవాళ టైమ్ బాలేదు’. టైమ్ మీదకి నెట్టేస్తే ఏం తప్పు జరిగిందో తెలియదు, వచ్చే సీజన్‌లో మళ్ళీ అదే జరుగుతుంది. వేట చెడటానికి దాదాపు ప్రతిసారీ ఒక కారణం ఉంటుంది, అది జింక పారిపోయిన తీరులోనో, నేల మీద మిగిలిన వెంట్రుకల్లోనో, మాంసం వాసనలోనో బయటపడుతుంది. అందుకే మీరు చూసిన దాన్నుంచి మొదలుపెట్టి కారణం దాకా వెళ్ళేలా రాశాను.

ఒక మాట ముందే. ఇది ఉత్తర అమెరికాలో లైసెన్సు, ట్యాగు (ఒక్కో జింకకి ఇచ్చే అనుమతి చీటీ) తీసుకుని తెల్లతోక జింకని వేటాడేవాళ్ళ కోసం. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జింకని వేటాడటం నేరం, జైలు శిక్ష ఉంటుంది.

సమస్య: దెబ్బ తగిలింది, కానీ జింక దొరకలేదు

వేటలో ఇంతకన్నా ఘోరం లేదు, అందుకే ఎక్కువ దీని గురించే చెప్తాను. గురి పూర్తిగా తప్పితే జింక బతికిపోతుంది, మనం ఖాళీ చేతులతో ఇంటికెళ్తాం, అంతే. గాయపడిన జింక దొరకకపోతే అది గంటలపాటు, ఒక్కోసారి రోజులపాటు బాధపడి చస్తుంది, ఆ బాధ్యత ట్రిగ్గర్ నొక్కినవాళ్ళదే.

కారణం: దెబ్బ చెడ్డచోట తగలడం సగం కారణమే, మిగతా సగం తొందర. తూటా గానీ బాణం గానీ రెండు ఊపిరితిత్తుల్లోంచి దూసుకెళ్తే జింక నిమిషంలోపే పడిపోతుంది, చాలాసార్లు నూటయాభై గజాల లోపే దొరుకుతుంది. కార్జానికి తగిలితే గంటలు పడుతుంది, పొట్టలోనో పేగుల్లోనో తగిలితే ఇంకా ఎక్కువ. అయితే అలాంటి జింక, వెనక ఎవరూ రావట్లేదనిపిస్తే, సాధారణంగా దూరం పోదు. దగ్గర్లో ఏ పొదచాటునో పడుకుంటుంది. మనం ఆత్రం కొద్దీ పది నిమిషాల్లో వెంటపడితే మాత్రం లేచి పరిగెత్తుతుంది, ఈలోగా గాయానికి కొవ్వో పేగో అడ్డుపడి ఉంటుంది కాబట్టి నెత్తురు బయటికి రాదు, జాడ ఉండదు. దొరకాల్సిన జింకని మన చేతులారా పోగొట్టుకున్నట్టే.

పరిష్కారం: పేల్చాక కదలకండి. రెండో తూటా లోడ్ చేసుకోండి, జింక ఇంకా కనిపిస్తూ మళ్ళీ కొట్టే వీలుంటే కొట్టండి, లేదంటే చూస్తూ, వింటూ ఉండండి. అది చివరగా ఏ చెట్టు పక్కన మాయమైందో గుర్తు పెట్టుకోండి, టైమ్ చూసుకోండి. పోయిన తీరు కూడా చాలా చెప్తుంది: గుండె దగ్గర తగిలిన జింక తరచుగా వెనక కాళ్ళు ఎగరేసి తన్ని, నేలకి వంగి దూసుకుపోతుంది, పొట్టలో తగిలింది నడుం పైకి గూనిలా వంచి నెమ్మదిగా నాలుగడుగులు వేసి ఆగుతుంది. తోక ఎత్తుకుని పోయింది కాబట్టి తగల్లేదని తేల్చేయకండి, తగిలినవి కూడా అప్పుడప్పుడూ అలాగే పోతాయి.

తర్వాత చప్పుడు చేయకుండా దెబ్బ తగిలిన చోటికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని చూడండి. నురుగుతో, సన్నటి బుడగలతో లేత గులాబీ రంగు నెత్తురు ఉంటే ఊపిరితిత్తులు. ముదురు ఎరుపు, చిక్కటి నెత్తురు ఉంటే కార్జం కావొచ్చు, ఒట్టి కండ కూడా కావొచ్చు. ఎండుటాకు మీద పలుచటి చుక్క, దాని పక్కనే నలిగిన పచ్చటి మేత తునకలు, పుల్లటి పేడ వాసన ఉంటే పొట్ట. బాణంతో కొట్టినవాళ్ళు ఆ బాణాన్ని ముక్కు దగ్గర పెట్టుకోండి, పొట్ట దెబ్బైతే ఆ వాసన చెప్పేస్తుంది. తెల్ల వెంట్రుకలు ఎక్కువగా పడి ఉంటే దెబ్బ కింది భాగంలో, పొట్ట అంచున తగిలి ఉండొచ్చు.

ఇప్పుడు ఆగడం. ఊపిరితిత్తులైతే అరగంట చాలు. కార్జం అనిపిస్తే నాలుగు గంటలకి తగ్గకండి. పొట్ట అయితే ఎనిమిది నుంచి పన్నెండు గంటలు, అంటే సాయంత్రం కొట్టిన జింకని తెల్లారాకే వెతకాలి. ఏదీ తేలకపోతే పొట్ట దెబ్బే అనుకుని ఆగండి. వాన వస్తోంది కదా, జాడ కొట్టుకుపోదా అని అందరూ టెన్షన్ పడతారు. నా మాట అడిగితే, పొట్ట దెబ్బకి వానలో కూడా ఆగమంటాను. ఆ గాయం నుంచి ఎలాగూ నెత్తురు పెద్దగా కారదు, పడుకున్న జింకని లేపితే మాత్రం వెతకాల్సిన అడవి పదింతలవుతుంది. వాతావరణం వెచ్చగా ఉంటే మాంసం పాడైపోవచ్చు, నిజమే. అయినా సరే, అది అసలు దొరకకుండా పోవడం కన్నా ఇదే నయం.

వెతికేటప్పుడు జాడ మీద నడవకండి, పక్కన నడవండి. చుక్క కనిపించిన ప్రతిచోటా రంగు టేపు ముక్క కట్టుకుంటూ పోతే, వెనక్కి తిరిగి చూసినప్పుడు జింక ఎటు పోతోందో తెలుస్తుంది. నేల మీదే కాదు, మోకాలి ఎత్తులో గడ్డి కాడల మీద, పొదల ఆకుల మీద కూడా చూడండి, జింక ఒళ్ళు రాసుకున్న చోట నెత్తురు మరక ఉంటుంది. ఎర్రబారిన ఆకో నెత్తురో అనుమానమైతే కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ చల్లండి, నెత్తురైతే నురగ వస్తుంది. ఆరుగురు ఏడుగురు కలిసి తొక్కేస్తే ఉన్న జాడ కూడా పోతుంది, ఇద్దరు చాలు. జాడ తెగిపోతే చివరి చుక్క దగ్గరికి తిరిగొచ్చి అక్కణ్ణుంచి చుట్టూ చూస్తూ వెళ్ళండి, పొట్ట దెబ్బైతే దగ్గర్లో ఉన్న వాగులు, కుంటల అంచులు వదలొద్దు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తాడు కట్టిన జాడ కుక్కలకి అనుమతి ఉంది, వాటిని పిలవాలనుకుంటే మీరు అడవంతా తొక్కకముందే పిలవండి. జాడ పక్కవాళ్ళ భూమిలోకి పోతే అడిగాకే అడుగు పెట్టాలి. దొరికాక వెనక వైపు నుంచి వెళ్ళి, పొడుగాటి కర్రతో కనుగుడ్డు తాకి చూడండి, రెప్ప కదిలితే ఇంకా ప్రాణం ఉన్నట్టే.

సమస్య: గురి పూర్తిగా తప్పింది

ముందు పైన చెప్పినట్టు వెతికి, నిజంగా తగల్లేదని తేల్చుకోండి. ఆ తర్వాతే తుపాకీ సంగతి.

స్కోప్ (తుపాకీ మీద బిగించే గురి దుర్బిణి) మరలు వదులవడం, కారులో కుదుపులకి జీరో, అంటే తూటా గురి పెట్టిన చోటే తగిలేలా చేసుకున్న సర్దుబాటు, జరిగిపోవడం, ప్రాక్టీసులో ఒక రకం తూటాలు వాడి వేటకి ఇంకో రకం తీసుకెళ్ళడం మామూలుగా కనిపించే కారణాలు. వేట ప్రాంతానికి చేరాక వంద గజాల్లో ఒక కాగితం పెట్టి కొట్టి చూస్తే ఇవన్నీ ఒక్కసారే తేలిపోతాయి. తుపాకీ సరిగ్గానే ఉందంటే కారణం మనలోనే ఉంది: పెద్ద కొమ్ముల జింక కనిపించగానే గుండె దడదడలాడి ట్రిగ్గర్‌ని గుంజేస్తాం. బల్ల మీద పెట్టి కొట్టే ప్రాక్టీసు దీనికి మందు కాదు. కాసేపు పరిగెత్తి, ఆయాసంతో ఉండగానే కూర్చుని, నిలబడి కొట్టడం ప్రాక్టీసు చేయండి.

మంచె మీద నుంచి బాగా కిందికి కొట్టేటప్పుడు జింకకి ఉన్న ఏటవాలు దూరాన్ని కాదు, నేల మీద అడ్డంగా ఉన్న దూరాన్ని లెక్కలోకి తీసుకోవాలి, లేదంటే దెబ్బ పైన తగులుతుంది. విల్లు వాడేవాళ్ళకి ఇంకో చిక్కు: నారి చప్పుడు బాణం కన్నా ముందే జింకకి చేరుతుంది, అది పరిగెత్తడానికి ఒళ్ళు కిందికి దించుతుంది, బాణం వీపు మీదుగా పోతుంది. ఇరవై గజాలు దాటాక ఈ తేడా బాగా కనిపిస్తుంది. చెవులు నిక్కబొడుచుకుని బెదురుగా ఉన్న జింకని బాణంతో కొట్టకండి.

సమస్య: రోజంతా కూర్చున్నా జింక రాలేదు, లేదా బుస్సుమని పారిపోయింది

గాలి. మన వాసనని జింక దాకా మోసుకెళ్ళేది అదే, మిగతా కారణాలన్నీ దీని తర్వాతే. వాసన పోగొడతామనే స్ప్రేలకి డబ్బు పోసేకన్నా గాలి ఎటు వీస్తోందో చూసి చోటు మార్చుకోవడం మేలు. కొండవాలుల్లో ఇంకో సంగతి ఉంది: పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి వాలు వెంబడి పైకి పాకుతుంది, సాయంత్రం చల్లబడగానే కిందికి దిగుతుంది. అందుకే పొద్దున బాగా పనికొచ్చిన మంచె సాయంత్రానికి పనికిరాకపోవచ్చు. జేబులో కాస్త పౌడర్ సీసా పెట్టుకుని అప్పుడప్పుడూ చిలకరించి చూడండి.

నారింజ రంగు చొక్కా వేసుకున్నందుకు జింక బెదిరిందని తీసేయకండి, ఆ రంగు జింకలకి మనకి కనిపించినట్టు కనిపించదు, సాటి వేటగాడికి మాత్రం కనిపించి మీ ప్రాణం కాపాడుతుంది. నీలం రంగు వాటికి బాగా కనిపిస్తుంది, జీన్స్ మానేయండి.

సమస్య: మంచె దగ్గర ప్రమాదం

దిగేటప్పుడు ఎక్కేటప్పుడే చాలామంది పడతారు. కారణం, పైకెళ్ళాక కట్టుకుందాంలే అని బెల్టు చేతిలో పట్టుకుని ఎక్కడం. ఒంటికంతా పట్టే హార్నెస్ నేల మీదే వేసుకుని చెట్టుకి కట్టిన తాడుకి తగిలించుకోండి. తుపాకీ ఖాళీ చేసి, మీరు ఎక్కాక తాడుతో పైకి లాక్కోండి. ఇందులో ఇంకో ఆలోచనకి తావులేదు.

సమస్య: ఇంటికొచ్చాక మాంసం వాసన వేసింది

చాలామంది జింకదే తప్పంటారు, ముసలిది, మగది అని. ఎక్కువసార్లు తప్పు ఆలస్యానిది. చచ్చిన జింక ఒళ్ళు లోపల చాలాసేపు వేడిగానే ఉంటుంది, పొట్ట చీల్చి పేగులు తీయడం ఎంత ఆలస్యమైతే అంత పాడవుతుంది. పేగులు, మూత్రపు తిత్తి తెగకుండా తీయండి, తెగితే అంటుకున్నచోట మాంసం వెంటనే కోసి పారేయండి. వాతావరణం వెచ్చగా ఉంటే తోలు కూడా ఒలిచి, 4 డిగ్రీల సెంటీగ్రేడ్ కన్నా తక్కువకి వీలైనంత త్వరగా చల్లార్చండి. సీసపు తూటాతో కొట్టినట్టయితే గాయం చుట్టూ నల్లగా కమిలిన మాంసాన్ని లోభించకుండా వెడల్పుగా కోసి తీసేయండి, కంటికి కనిపించని సీసం తునకలు గాయానికి చాలా దూరం దాకా వెళ్తాయి. ఇంట్లో చిన్నపిల్లలు, గర్భిణులు తినేదైతే రాగి తూటాలు వాడండి.